ఇరుక్కున్న గేరును మరింతగా ఇరికించే పద్ధతులు

ఆటోమేటిక్ కారు గేరు రాడ్డు ‘పి’ (పార్కింగ్) దగ్గర బిగుసుకుపోతే అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని కారు దిగిపోవడం. లోపలే కూర్చుంటే ఆలోచన వచ్చే ప్రమాదం ఉంది. దిగండి, తలుపు బార్లా తెరిచి వదిలేయండి, నడుం మీద చేతులు పెట్టుకుని బండి చుట్టూ తిరగండి. అనకాపల్లి పక్కనున్న తుమ్మపాలలో అయితే రెండో చుట్టు తిరిగేలోగా పదిమంది పోగవుతారు. అనకాపల్లి నుంచి చోడవరం వెళ్ళే రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంటే ఇంకా మంచిది, వెనక నిలిచిపోయిన బస్సులోంచి కూడా జనం దిగి వస్తారు.

ఈ పోగైనవాళ్ళలో ఆటోమేటిక్ బండి నడిపినవాడు ఒక్కడైనా ఉండాలని చూడకండి. అలాంటివాడు ఉంటే “బ్రేకు తొక్కి లాగారా?” అని అడుగుతాడు, ముచ్చట అక్కడితో అయిపోతుంది. అతన్ని మెల్లగా వెనక్కి పంపించి, “ఏటయ్యింది బావూ, ఇంజను పట్టేసిందా?” అని ఎవరు ముందుగా అడిగితే వారిని ఇవాళ్టికి పెద్దగా పెట్టుకోండి.

నిజానికి ఈ ఊరికి గేర్లు కొత్త కాదు. చుట్టుపక్కల అంతా చెరకు పండే నేల. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు దిమ్మలు మోసిన లారీలు, వి.వి. రమణ సహకార చక్కెర ఫ్యాక్టరీకి చెరకు మోసిన ట్రాక్టర్లు ఈ దారిన ఏళ్ళ తరబడి తిరిగాయి. లోడు ట్రాక్టరుకు గేరు పడకపోతే క్లచ్చి అదిమిపట్టి భుజం బలంతో ఒక్క తోపు తోయాలని ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడింది. ఊళ్ళో ‘పి’ దగ్గర ఆగిపోయింది కార్లొక్కటే కాదని అనుకోవాలి. కానీ ఆ భుజబలం మిగిలే ఉంది. సంక్రాంతికీ, కొత్త అమావాస్య నాటి నూకాంబిక జాతరకీ విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి కొడుకులూ అల్లుళ్ళూ తెచ్చే కార్లు ఆ బలానికి దొరికిన కొత్త పని.

కాబట్టి లాగండి. రాడ్డు పైనున్న బొత్తాం బొటనవేలితో నొక్కిపట్టి, రెండో చెయ్యి కూడా కలిపి, ఎడమకాలు డ్యాష్‌బోర్డుకు తన్నిపెట్టి వెనక్కి లాగాలి. మొరాయించిన గిత్త తోక మెలిపెట్టినట్టు అటూ ఇటూ తిప్పండి. ఆ రాడ్డు లోపల ఉన్నవి చాలావరకు ప్లాస్టిక్ ముక్కలు, ఒక సన్నటి కేబులు. రాడ్డును ఆపుతున్నది దాని మొదట్లోనే ఉన్న చిన్న కొక్కెం. అది ప్లాస్టిక్కో రేకో, దాన్ని జరిపేది సోలినాయిడ్ అనే కరెంటు తీగచుట్ట. మనిషి బలం దాని ముందు ఎప్పుడూ గెలుస్తుంది. గెలిచాక ‘ఫట్’మని ఒక చప్పుడు, రాడ్డు హాయిగా అన్ని వైపులకీ ఊగడం మొదలవుతుంది. గేరు మాత్రం ‘పి’లోనే ఉంటుంది. సాధించిన తృప్తి మీది.

‘పి’ అంటే లోపల ఏం జరుగుతుందో ఎవరైనా చెప్పబోతే చెవిన పెట్టకండి. గేరుబాక్సులోంచి చక్రాల వైపు వెళ్ళే ఇరుసుకు పళ్ళున్న చక్రం ఒకటి ఉంటుందనీ, ‘పి’లో వేసినప్పుడు వేలెడంత ఇనుప ముక్క వచ్చి ఆ పళ్ళ సందులో పడుతుందనీ, వెయ్యి కిలోలు దాటిన బండిని పట్టి ఉంచేది ఆ ముక్కేననీ వాళ్ళు అంటారు. ఆ ముక్కను పైకి లేపాలంటే ముందు కొక్కెం జరగాలి, కొక్కెం జరగాలంటే తాళం ఆన్‌లో ఉండాలి, బ్యాటరీలో కరెంటుండాలి, బ్రేకు పెడలు మీద కాలుండాలి. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి నమ్మితే పదిమందిని పిలిచినందుకు పరువేం కావాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా కాలి గురించి. బ్రేకు పెడలుకు పాదం తగిలిస్తే చాలు, తొక్కకండి. ముందు సీటు కింద మంచినీళ్ళ సీసాలు రెండు మూడు దొర్లుతూ ఉండేలా చూసుకోండి. వాటిలో ఒకటి పెడలు కిందకి చేరితే ఎంత తొక్కినా పూర్తిగా దిగదు. మందపాటి మ్యాటు మీద ఇంకో మ్యాటు పరిచినా అదే ఫలితం. ఇంజను ఆపి ఉన్నప్పుడు పెడలును గబగబా నాలుగైదుసార్లు పంపు కొట్టడం ఇంకో పద్ధతి. బ్రేకుకు సాయపడే వాక్యూమ్ అయిపోయి పెడలు బిర్రబిగుస్తుంది. అప్పుడు మామూలుగా తొక్కితే దాని పైన ఉన్న స్విచ్చి దాకా కదలిక చేరకపోవచ్చు. బలంగా, గట్టిగా, దిగినంతా దిగేలా అదిమిపట్టి ఇంజను స్టార్ట్ చేస్తే ఊడివచ్చే గేర్లు ఎన్నో ఉన్నాయి. అందుకే అలా చేయొద్దంటున్నాను.

అల్లుడుగారి కారైతే ఈ పద్ధతి మరీ సులువు. వీధి అరుగు మీద నిలబడ్డ మావయ్యగారికి విషయం అర్థమయ్యే ఉంటుంది. ఆయన లారీలు నడిపించినవాడు, కాలు ఎక్కడుందో దూరం నుంచే కనిపెట్టగలడు.

“అల్లుడుగారూ, మరేటనుకోకండి, ఆ కాలు కొంచెం...”

“నాకు తెలుసండీ మావయ్యగారూ. ఇది ఆటోమేటిక్. దీనికి క్లచ్చుండదు.”

“అదేలెండి. బ్రేకు...”

“సెన్సరు ప్రాబ్లమండీ.”

సెన్సరు అనే మాట పడ్డాక ఆంధ్రదేశంలో ఏ మావయ్యా రెండోమాట మాట్లాడడు. లోపలికెళ్ళి కాఫీ పంపిస్తాడు.

ఇంతకీ బ్రేకుకూ గేరుకూ ఈ ముడి ఎవరు పెట్టారని ఎవరైనా అడిగితే తడుముకోకుండా అమెరికావాళ్ళని తిట్టండి. కొంతవరకు నిజమే. 1986 నవంబరులో అక్కడి సీబీఎస్ టీవీ ‘సిక్స్టీ మినిట్స్’ అనే కార్యక్రమంలో ఆడి 5000 కారు దానంతట అదే దూసుకుపోతోందని చూపించింది. బండి అలా కదలడం కోసం గేరుబాక్సుకు బెజ్జం చేసి గాలి కొట్టారన్న సంగతి తర్వాత బయటపడింది. అప్పటికే జనం హడలిపోయారు. 1985లో అమెరికాలో ఏడాదికి 74 వేల కార్లు అమ్మిన ఆడి, 1991 నాటికి 12 వేల దగ్గరికి పడిపోయింది. మధ్యలో 1987లో ఆ కంపెనీ రెండున్నర లక్షల కార్లను వెనక్కి పిలిచి, బ్రేకు తొక్కితే తప్ప ‘పి’లోంచి రాడ్డు రాకుండా తాళం బిగించింది. 1989లో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ తన పరిశీలన ముగించి తేల్చింది ఏమిటంటే, కార్లలో దయ్యమేమీ లేదు, డ్రైవర్లు బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కారని. ఆగి ఉన్న బండ్లలో పిల్లలు ఆడుకుంటూ రాడ్డు లాగిన ప్రమాదాలు కూడా జరిగాక, 2010 సెప్టెంబరు నుంచి తయారైన ప్రతి ఆటోమేటిక్ కారుకూ ఈ తాళం ఉండాలని అక్కడ చట్టమే వచ్చింది. చూశారా, వాళ్ళ కాళ్ళు ఎక్కడున్నాయో వాళ్ళకి తెలియకపోతే శిక్ష తుమ్మపాలకి! మన కాళ్ళు ఎక్కడుంటాయో మనకు తెలుసని వాదించండి. వాదిస్తున్నంత సేపూ కాలు కింద ఆనించి ఉంచండి.

రెండో ముఖ్యమైన చిట్కా: మీరు బ్రేకు తొక్కినప్పుడు బండి వెనక ఎవరినీ నిలబెట్టకండి. పొరపాటున ఎవరో నిలబడి “ఎర్ర లైట్లు ఎలగట్లేదు బావూ” అన్నారంటే జబ్బు దొరికిపోయినట్టే. ఎందుకంటే పెడలు పైనున్న ఒక్క స్విచ్చే రెండు పనులు చేస్తుంది. వెనక ఎర్ర లైట్లు వెలిగిస్తుంది, గేరు కొక్కేనికి కబురు పంపుతుంది. లైట్లు వెలగలేదంటే స్విచ్చి పోయింది, లేదా గోరంత ఫ్యూజు ఒకటి కాలిపోయింది. లైట్లు వెలుగుతూ, గేరు రాడ్డు పక్కన ‘టక్’మనే చిన్న చప్పుడు రాలేదంటే తప్పు సోలినాయిడ్‌దో దాని వైరుదో. ఆ ‘టక్’ వచ్చి కూడా రాడ్డు రాకపోతే కేబుల్లోనో, బొత్తాంలోనో, పళ్ళచక్రం మీద పడ్డ బరువులోనో ఉంది కిటుకు. ఒక మనిషి వెనక నిలబడి, ఇంకో మనిషి లోపల చెవిపెట్టి వింటే అర నిమిషంలో తేలిపోయే వ్యవహారం. అందుకే పాటలు పెద్దగా పెట్టుకోమంటున్నాను. వెనక నిలబడే మనిషిని టీలు తెమ్మని పంపించండి. ఎర్ర లైట్లు లేని బండి రోడ్డెక్కితే వెనక వచ్చే లారీకి మీరు ఆగింది తెలియదు కదా అని ఎవరైనా అంటే, గేరే పడని బండికి ఆ భయం ఎందుకని ఎదురు ప్రశ్న వేయండి.

మీ బండికి ఒక దొంగదారి ఉండే ఉంటుంది. చాలా కార్లలో గేరు రాడ్డు పక్కన, ప్లాస్టిక్ పలక మీద, చిన్న మూత ఉంటుంది. దాన్ని ఊడదీసి, కింద కనిపించే సందులో తాళంచెవి కొసో సన్నటి స్క్రూడ్రైవరో దూర్చి నొక్కిపడితే కొక్కెం చేత్తోనే జరుగుతుంది. హ్యాండ్‌బ్రేకు లాగి, బ్రేకు తొక్కిపట్టి ఈ పని చేసి న్యూట్రల్‌లోకి తెచ్చుకోమని కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. మూత ఎక్కడుందో కూడా బొమ్మ వేసి చూపిస్తారు. ఆ పుస్తకం ప్లాస్టిక్ సంచీలోంచి తీయకుండా భద్రం చేసుకోవడం మన ఆచారం, దాన్ని తప్పొద్దు. ఇక ఆ మూత సంగతి: కారు కొన్న రోజే, పూజ అయ్యాక, నూకాంబిక అమ్మవారి బొమ్మను రెండువైపులా జిగురుండే టేపుతో సరిగ్గా దాని మీదే అంటించండి. చుట్టూ పసుపు, కుంకుమ, ఎండిన బంతిరేకులు చేరి మూత అంచు కూడా కనపడకుండా పోతుంది. ఆ తర్వాత దాన్ని కదిపే ధైర్యం మెకానిక్‌కీ ఉండదు, మీ అమ్మగారు చూస్తుండగా మీకూ ఉండదు.

ఒకవేళ ఎవరైనా తెగించి తీశారే అనుకుందాం. అప్పుడైనా హ్యాండ్‌బ్రేకు ముట్టుకోకండి. హ్యాండ్‌బ్రేకు లేకుండా, చక్రం కింద రాయి లేకుండా, దిగుడులో నిలబెట్టిన బండిని ఆ సందులోంచి విడిపిస్తే, పెట్రోలు కూడా అక్కర్లేకుండా ప్రయాణం మొదలవుతుంది. ఎటు అన్నది రోడ్డు వాలు చూసుకుంటుంది. బండి ముందు నిలబడి “రా, రా, ఇంకొంచెం” అంటున్నవారి పిల్లల పేర్లు ముందే కనుక్కుని ఉంచుకోవడం మంచిది.

వాలు అన్నాక బొజ్జన్నకొండ మాట రాక తప్పదు. శంకరం దగ్గర బౌద్ధుల కాలపు గుహలు, స్తూపాలు తొలిచిన కొండ అది. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా అక్కడే. బండ్లు ఎక్కడ చోటుంటే అక్కడ ఆపుతారు, చోటెప్పుడూ ఎగుడులోనే ఉంటుంది. అక్కడ నిలిపే పద్ధతి ఇది: బండి ఆగీ ఆగకముందే రాడ్డును ‘పి’లోకి తోసేసి బ్రేకు మీద కాలు తీసేయండి. బండి జానెడు వెనక్కి జారి ‘ఢక్’మని ఆగుతుంది. ఆ ఢక్‌తో కారు బరువంతా, లోపలున్న బాబాయిలూ పిన్నులూ పిల్లలూ గారెల డబ్బాతో సహా, వేలెడంత ఇనుప ముక్క మీద ఎక్కి కూర్చుంటుంది. ఆ తర్వాత వేస్తే హ్యాండ్‌బ్రేకు వేయొచ్చు, చేయాల్సిన చేటు అప్పటికే అయిపోయింది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో బ్రేకు తొక్కినా, ‘టక్’ వినపడినా, రాడ్డు రాదు. ముక్క పళ్ళ మధ్య నలిగి ఉంటుంది.

పిరికివాళ్ళు దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు బ్రేకు మీద బండిని నిలబెట్టి, న్యూట్రల్ వేసి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, కాలు మెల్లగా వదిలి బండిని హ్యాండ్‌బ్రేకు మీద కూర్చోబెట్టి, అప్పుడు మళ్ళీ బ్రేకు తొక్కి ‘పి’ వేస్తారు. ఇనుప ముక్క మీద బరువే పడదు. అలాంటి బండి దిగేటప్పుడు చప్పుడుండదు, వెళ్ళేటప్పుడు తిప్పలుండవు, జనమూ పోగవరు. పండగ పూట అంత బోసిగా ఎవరు వెళ్తారు చెప్పండి? ఒకసారి ఇరుక్కున్నాక కూడా ఒకరు బ్రేకు మీద కాలేసి కూర్చోవడం, నలుగురు బండిని ఎగువకి కొంచెం నెట్టడం, నెడుతున్నప్పుడు రాడ్డు జరపడం అనే చవకబారు ఉపాయం ఒకటుంది. మీరు దిగువకి లాగించండి. ఇదే కొండ మీది బొమ్మను రాక్షసుడనుకుని కనుమ నాడు రాళ్ళు విసిరే అలవాటు ఒకప్పుడు ఉండేది, పురాతన సంపద పాడైపోతోందని చెప్పగా చెప్పగా తగ్గింది. చక్రం కింద పెట్టడానికి రాళ్ళకు ఆ చుట్టుపక్కల కొరత లేదన్నమాట. వాటిని తెచ్చి పెట్టమని మాత్రం ఎవరికీ చెప్పకండి.

దిగువకి లాగడానికి ట్రాక్టరును మించింది లేదు. ముందు చక్రాలతో నడిచే కారైతే ‘పి’లో బిగిసేవి ఆ ముందు చక్రాలే. మోకు కొక్కేనికి కట్టి ట్రాక్టరుతో లాగితే కొత్త టైర్లు రోడ్డు మీద రెండు నల్లటి గీతలు గీస్తూ వస్తాయి. కాసేపటికి ఇనుప ముక్కయినా విరుగుతుంది, గేరుబాక్సు గూడైనా పగులుతుంది. రికవరీ వ్యాను పిలిచి ముందు చక్రాలు ఎత్తించి తీసుకెళ్ళడం డబ్బున్నవాళ్ళ పద్ధతి. గేరుబాక్సు మార్పించడం ఇంకా డబ్బున్నవాళ్ళ పద్ధతి.

చెరకు రసం చిట్కా ఈ ప్రాంతానికే ప్రత్యేకం. గ్లాసు పట్టే గుంట గేరు రాడ్డు పక్కనే ఎందుకు పెట్టారో కార్లు గీసేవాళ్ళకే తెలియాలి. అంచుదాకా నింపిన గ్లాసు అందులో పెట్టి గతుకుల మీద పోనివ్వండి. ఒలికిన రసం రాడ్డు మొదట్లోని తోలు ముడతల్లోంచి లోపలికి దిగి, ఎండకు ఎండి, బొత్తాంనీ కొక్కేన్నీ కలిపి పట్టుకుంటుంది. అనకాపల్లిలో పాకం దేన్ని పట్టుకున్నా వదలదు. దాన్ని వదిలించాలని వేడినీళ్ళు కుమ్మరించండి. కిందనున్న స్విచ్చిలు, వైర్ల జాయింట్లు తడిసి, అప్పటిదాకా గేరుకే ఉన్న జబ్బు మిగతా చోట్లకీ పాకుతుంది. చీమల సంగతి నేను చెప్పను, రెండు రోజుల్లో మీకే తెలుస్తుంది.

కొందరికి ఇంతటి అదృష్టం ఉండదు. 2014లో మారుతి సెలేరియోతో మొదలుపెట్టి చవకలో వచ్చిన, క్లచ్చి దానంతట అదే తొక్కుకునే ఏఎంటీ బండ్లలో చాలావాటికి ‘పి’ అనే అక్షరమే లేదు. లేని ‘పి’ కోసం వెతికేవాళ్ళని ఓదార్చడానికి ఒక సంగతి: 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌కు పెట్టిన హైడ్రామాటిక్ గేరుబాక్సులోనూ ‘పి’ లేదు, ఇంజను ఆపి రివర్సులో వదిలితే చక్రాలు బిగిసేవి. ఏఎంటీని కూడా గేరులోనే ఉంచి, ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి నిలపమంటారు. మీరు న్యూట్రల్‌లో వదిలి గుళ్ళోకి వెళ్ళండి.

ఇన్నీ అయ్యాక ఎవరో ఒకరు అనకాపల్లి నుంచి మెకానిక్‌ని పిలుస్తారు. కుర్రాడు బైకు మీద వస్తాడు, మీరు చెప్పే కథ సగమే వింటాడు. సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి, అద్దంలోంచి వెనక గోడ కేసి చూస్తాడు. గోడ మీద ఎర్రటి వెలుగు పడదు. మాట్లాడకుండా స్టీరింగు కింద మూత ఊడదీసి, మూత వెనకున్న పట్టీ చదివి, చిన్న ఫ్యూజొకటి గోళ్ళతో పీకి ఎండకు ఎత్తి చూపిస్తాడు. లోపలి తీగ మధ్యలో తెగి నల్లబడి ఉంటుంది. అటు చూడకండి, చూస్తే ఒప్పుకున్నట్టవుతుంది. కొత్తది గుచ్చగానే గోడ ఎర్రబడుతుంది, ‘టక్’మంటుంది, గేరు పడుతుంది. “ఇందాక మేం లాగిన లాగుడికే వదులైంది, మీ చెయ్యి తగిలి వచ్చేసింది” అనండి. పది రూపాయల ముక్కకి అన్ని వందలేమిటని బేరమాడండి.

కుర్రాడు వెళ్ళే ముందు ఫ్యూజు ఊరికే కాలదని కూడా అంటాడు. పండక్కి ముందు వెనక బంపరుకు పెట్టించిన మిణుకుమిణుకు ఎల్ఈడీ లైట్ల పట్టీ బ్రేకు లైటు వైరులోంచే అతుకు వేశారనీ, ఆ అతుకు రేకుకు తగులుతోందనీ, పీకించేయమనీ చెబుతాడు. పీకించకండి, దాని కోసం ఎంత ఖర్చయిందో మీకు తెలుసు. అతను వెళ్ళాక ఆ 15 ఆంపుల ఫ్యూజు తీసేసి 30ది పెట్టండి, దొరక్కపోతే రాగి తీగ చుట్టండి. అది ఇక జన్మలో కాలదు. కాలేది లోపలి వైరింగు. దానికి మెకానిక్ సరిపోడు, కార్ల ఎలక్ట్రీషియన్ కావాలి, ఆయన పండగ మూడు రోజులూ ఫోనెత్తడు.